పాత బోటుకు కొత్త గది



ఏప్రిల్ 15 వచ్చిందంటే విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో మర బోట్లన్నీ ఒడ్డుకు చేరతాయి. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. పిల్ల చేప బతికితేనే రేపు మనకు వేట. అందుకే తూర్పు తీరమంతా మర బోట్ల వేట ఆపుతారు. జూన్ 14 దాకా ఈ నిషేధం ఉంటుంది.

ఎన్ని రోజులో లెక్క వేద్దాం.

ఏప్రిల్‌లో 16 రోజులు
మే నెలలో 31 రోజులు
జూన్‌లో 14 రోజులు
మొత్తం 61 రోజులు

ఈ 61 రోజులూ వేట ఉండదు. కాని పని ఉంటుంది. వలలు బాగు చేయాలి. ఇంజను విప్పి చూడాలి. బోటు అడుగు గీకి రంగు వేయాలి. ఇవి ఏటా జరిగే పనులే. ఒక్క పని మాత్రం ఏటేటా వెనక్కి పోతుంది. అది బోటు గదిని లోపల బాగు చేసే పని. "వచ్చే ఏడు చూద్దాంలే" అంటారు. అలా అలా పదేళ్ళు గడిచిపోతాయి.

ఈ పాఠంలో ఆ పని గురించి తెలుసుకుందాం.

చెక్క పని వడ్రంగి చేస్తాడు. తీగల పని కరెంటు మేస్త్రి చేస్తాడు. మరి మనకెందుకు ఈ పాఠం? ఎందుకంటే ఖర్చయ్యే డబ్బు మన ఇంటిది. చాలా ఇళ్ళలో ఆ డబ్బు పొదుపు సంఘం నుండి అప్పుగా వస్తుంది. ఆ అప్పు కాగితం మీద సంతకం మనది. ఆ గదిలో పడుకునే వాళ్ళు మన మగవాళ్ళు, మన బిడ్డలు. ఏం అడగాలో తెలిసిన మనిషిని ఎవరూ తొందరగా మోసం చేయలేరు.

గదిలో ఏముంటుంది?

మర బోటు వేటకు వెళితే వారం, పది రోజులు సముద్రం మీదే ఉంటుంది. ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. సరంగు, కళాసీలు కలిసి ఏడెనిమిది మంది ఉంటారు. అందరికీ ఉన్నది ఒక్క గది. దాన్నే క్యాబిన్ అంటారు. చుక్కాని తిప్పే చక్రం అక్కడే. నిద్ర అక్కడే. వాన వస్తే తలదాచుకునేదీ అక్కడే. చాలా బోట్లలో గది కిందే ఇంజను ఉంటుంది.

పదేళ్ళు దాటిన బోటు గది ఎలా ఉంటుందో చూడండి. గోడ పలకలు ఉబ్బి ఉంటాయి. పైకప్పు రేకు ఊడి వేలాడుతూ ఉంటుంది. మూలల్లో నల్లటి బూజు పట్టి ఉంటుంది. పరుపు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. తీగలు గోడ మీద తీగ చెట్టులా అల్లుకుని ఉంటాయి. తలుపు తీయగానే ముక్క వాసన, డీజిలు వాసన కలిసి ముక్కును కొడతాయి.

ఆ గదిలో నిద్ర పట్టదు. బూజు గాలి పీల్చిన వాళ్ళలో కొందరికి దగ్గు, ఆయాసం వస్తాయి. నిద్ర లేని సరంగు రాత్రి చక్రం పట్టుకుని కునుకు తీస్తే ఏమవుతుంది? ఎదురుగా వచ్చే ఓడ కనపడదు. గది బాగు చేయడమంటే షోకు పని కాదు. ప్రాణానికి సంబంధించిన పని.

రంగు వేస్తే సరిపోతుందా?

ఒక ఇంట్లో అత్తా కోడలూ మాట్లాడుకుంటున్నారు. విందాం.

"అత్తా! మామ గదికి కొత్త సన్‌మైకా వేయిస్తానంటున్నాడు. రంగు కూడా కొట్టిస్తాడట. నాలుగు రోజుల్లో అయిపోద్దట."

"గోడ ఉబ్బింది ఎందుకో చూశారేటి?"

"చూళ్ళేదత్తా. పాత పలక మీదే కొత్తది అంటించేస్తారట."

"పుండు కడక్కుండా కట్టు కడితే మానుద్దేటే? లోపల నీరు ఎటునుంచి వస్తందో ముందు చూడమను. లేకపోతే ఏడాది తిరగకుండా ఇదీ ఉబ్బుద్ది. అప్పు మాత్రం అలాగే ఉంటది."

అత్త చెప్పిందే ఈ పాఠంలో అసలు మాట. ముందు తడి సంగతి చూడాలి. ఆ తరువాతే రంగు. కనిపించే పనికంటే కనిపించని పని ముందు జరగాలి. డబ్బు కూడా ముందు దానికే పెట్టాలి.

61 రోజులను మూడు ముక్కలు చేద్దాం

మొదటి 15 రోజులు: విప్పడం, తడి వెతకడం, ఎండబెట్టడం.
తరువాత 30 రోజులు: చెక్క పని, తీగల పని.
చివరి 16 రోజులు: రంగు, పరుపులు.

15 + 30 + 16 = 61. లెక్క సరిపోయింది.

ఎండబెట్టే పని ఏప్రిల్ నెలలోనే ఎందుకు? ఏప్రిల్, మే నెలల్లో ఎండ మండిపోతుంది. జూన్ వస్తే వానలు మొదలవుతాయి. తడి చెక్క మీద రంగు వేస్తే తడి లోపలే ఉండిపోతుంది. మనం మిరపకాయలు, చేపలు ఎండబెట్టుకునేది ఏ రోజుల్లో? చెక్కకూ ఆ ఎండే కావాలి.

మొదటి 15 రోజులు

ముందు గదిని ఖాళీ చేయాలి. పరుపులు, చెక్కలు, పలకలు అన్నీ విప్పాలి. విప్పిన ప్రతి ముక్క వెనక సుద్దతో ఒక అంకె వేయండి. గోడ మీద అదే చోట అదే అంకె వేయండి. 1 ఎక్కడిదో, 2 ఎక్కడిదో తరువాత వెతుక్కోనక్కరలేదు. పాత పలకలను అప్పుడే పారేయకండి. కొత్త ముక్క కోయడానికి పాత ముక్కే కొలత.

ఇప్పుడు తడి వెతుకుదాం. దానికి మూడు పద్ధతులు ఉన్నాయి.

*ఒకటి: తట్టి చూడటం.* కుండ కొనేటప్పుడు మనం వేలితో తట్టి చూస్తాం. ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే పగిలింది. చెక్క కూడా అంతే. సుత్తి పిడితో తట్టండి. గట్టి చెక్క గట్టిగా పలుకుతుంది. చివికిన చెక్క డొల్లగా పలుకుతుంది.

*రెండు: గుచ్చి చూడటం.* డొల్లగా పలికిన చోట స్క్రూడ్రైవరు మొనతో గుచ్చండి. మెత్తగా లోపలికి దిగిందా? అది చివికిపోయిన చెక్క. గట్టి చెక్క తగిలేదాకా దాన్ని కోసి తీసేయాలి.

*మూడు: నీళ్ళు పట్టి చూడటం.* ఒకరు టార్చి పట్టుకుని గదిలో కూర్చోవాలి. ఇంకొకరు బయట నుండి పైపుతో నీళ్ళు పట్టాలి. ముందు కింది వైపు పట్టాలి. కాసేపు ఆగి కొంచెం పైకి జరపాలి. అద్దాల అంచులు, పైకప్పు మేకులు, గొట్టాలు బిగించిన చోట్లు ఒక్కొక్కటిగా చూడాలి. లోపల చుక్క కనపడగానే కేక వేయాలి. అక్కడ సుద్దతో గుర్తు పెట్టాలి. ముందే పైనుండి పడితే నీరు అన్ని చోట్లకూ పారుతుంది. అప్పుడు ఏ సందులో నుండి వచ్చిందో తెలియదు.

ఇంకొక సంగతి. చుక్క పడిన చోటే కన్నం ఉండాలని లేదు. పెంకుటింట్లో నీరు ఒక చోట కారుతుంది. పగిలిన పెంకు ఇంకొక చోట ఉంటుంది. బోటులో కూడా నీరు చెక్క వెంబడి పాకి వచ్చి దూరాన పడుతుంది. అందుకే కన్నం దొరికేదాకా వెతకాలి.

వాన నీరా? ఉప్పు నీరా?

చెక్కకు ఏ నీరు ఎక్కువ చేటు? సముద్రం నీరు అని చాలామంది అనుకుంటారు. కాదు. చెక్కను చివికించేది ఎక్కువగా వాన నీరే.

మనకు తెలిసిన సంగతితో చూద్దాం. చేప ఉప్పు వేస్తే కుళ్ళదు. ఉప్పు లేకుండా వదిలేస్తే కుళ్ళుతుంది. చెక్కను చివికించేది ఒక రకం బూజు. ఆ బూజుకు ఉప్పు పడదు. మంచినీళ్ళు పడతాయి. పైకప్పు సందుల్లో నుండి వాన నీరు చెక్కలోకి దిగి అక్కడే నిలిస్తే ఆ బూజు పెరుగుతుంది. చెక్క బాగా ఎండి ఉంటే అది బతకలేదు.

మరి ఉప్పు మంచిదా? అదీ కాదు. వానాకాలంలో ఉప్పు జాడీ చూడండి. మనం నీళ్ళు పోయకపోయినా ఉప్పు చెమ్మగిల్లుతుంది. ఉప్పు గాలిలోని తడిని లాక్కుంటుంది. ఉప్పు నీటితో తడిసిన పరుపూ అంతే. ఎంత ఎండలో వేసినా రాత్రికి మళ్ళీ చెమ్మగిల్లుతుంది. అందుకని గుడ్డలు, తెరలు ముందు మంచినీటితో ఉతకాలి. గోడలు మంచినీటి గుడ్డతో తుడవాలి. ఆ తరువాతే ఎండబెట్టాలి.

శుభ్రం చేసేటప్పుడు జాగ్రత్త

బూజును పొడిగా దులపకండి. దులిపితే బూజు గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సబ్బు నీటితో తడిపి తుడవండి. బ్లీచింగ్ పౌడరు వాడితే తలుపులు తెరిచి ఉంచండి. బ్లీచింగ్‌ను యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి. విషపు గాలి పుడుతుంది.

పాత రంగులో సీసం ఉండవచ్చు. సీసం పిల్లల మెదడుకు చేటు. ఇళ్ళకు వేసే రంగుల్లో పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించి సీసం ఉండకూడదని మన దేశంలో 2016లో నియమం చేశారు. అది 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. కాని పాత బోటు మీద ఉన్న రంగు పాతదే. అందుకని పొడిగా గీకవద్దు. తడిపి గీకాలి. పిల్లలను దగ్గరకు రానీయవద్దు. గీకిన పొట్టును కవరులో మూట కట్టాలి. నీళ్ళలో పోయకూడదు.

ఫైబరు బోటు అయితే దాని దుమ్ము ఒంటికి దురద పెడుతుంది. ముక్కులోకి పోతే ఇంకా చేటు. కొంగు అడ్డం పెట్టుకుంటే చాలదు. ఎన్-95 మాస్కు కట్టుకోవాలి. నిండు చేతుల చొక్కా వేసుకోవాలి.

తరువాత 30 రోజులు: చెక్క పని

కన్నాలు మూసి, చెక్క ఎండిన తరువాత కొత్త పలకలు వేయాలి. పలక అంటే ప్లైవుడ్. అన్ని ప్లైవుడ్‌లూ ఒకటి కావు. అలమారాకు వేసే ప్లైవుడ్ బోటులో నిలవదు. పొరలు విడిపోతాయి.

బోటుకు కావలసింది మెరైన్ ప్లైవుడ్. దాన్ని ఎలా గుర్తు పట్టాలి? ఇక్కడే మన చదువు పనికి వస్తుంది. పలక మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలి. ఆ గుర్తు పైన ఐ.ఎస్. 710 అని ఉండాలి. 303 అని ఉంటే అది వేరే రకం. గుర్తు కింద సి.ఎం./ఎల్. అనే అక్షరాలు, వాటి పక్కన ఒక నంబరు ఉంటాయి. అది కంపెనీ లైసెన్సు నంబరు. ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొట్టండి. నిజమైనదో కాదో తెలుస్తుంది.

మెరైన్ ప్లైవుడ్ ముక్కను పరీక్షలో 72 గంటలు నీళ్ళలో ఉడకబెడతారు. అంటే మూడు రాత్రులు, మూడు పగళ్ళు. అప్పుడు కూడా పొరలు విడిపోకూడదు. ధర ఎక్కువ ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా!

మంచి ప్లైవుడ్ తెచ్చినా ఒక పని మరచిపోతే అంతా వృథా. ప్లైవుడ్ నీరు తాగేది అంచుల్లో నుండే. కోసిన ప్రతి అంచుకు, వేసిన ప్రతి కన్నానికి బిగించే ముందే ఎపాక్సీ గానీ మంచి రంగు గానీ పట్టించాలి. పలక బిగించాక అంచు కనపడదు. కాబట్టి బిగించక ముందే దగ్గరుండి చూడండి.

మామూలు ఇనుప స్క్రూలు ఉప్పు గాలికి తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడాలి. అందులోనూ 316 రకం ఉప్పు గాలికి బాగా తట్టుకుంటుంది. డబ్బా మీద 316 అని చదివి కొనండి.

గాలికి దారి

మనిషి ఊపిరిలో తడి ఉంటుంది. ఒక గదిలో నలుగురు తలుపు మూసి పడుకుంటే తెల్లారేసరికి అద్దాల మీద నీటి బొట్లు కనిపిస్తాయి. అది వాన కాదు, వాళ్ళ ఊపిరే. కన్నాలన్నీ మూసినా ఈ తడి మిగిలే ఉంటుంది. దీన్ని బయటికి పంపేది గాలి ఒక్కటే.

గాలి ఆడాలంటే ఒక కిటికీ చాలదు. వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి కావాలి. ఒకటి కింది వైపు, రెండోది ఎదురుగా పై వైపు ఉంటే మంచిది. గోడ పలకను బోటు గోడకు ఆనించి కొట్టకూడదు. మధ్యలో సన్నని బద్దలు పెట్టి సందు వదలాలి. పడక కింద కూడా నిండు పలక వద్దు. బద్దలు వేసి, బద్దకూ బద్దకూ మధ్య ఒక అంగుళం సందు వదలండి. నులక మంచం ఎందుకు చెమ్మ పట్టదు? కింది నుండి గాలి ఆడుతుంది కనుక.

తీగలు, బ్యాటరీ

బోటులో కరెంటు బ్యాటరీ నుండి వస్తుంది. 12 వోల్టులు గానీ 24 వోల్టులు గానీ ఉంటుంది. ఇంట్లో కరెంటులా షాకు కొట్టదు. అందుకని దాన్ని తేలికగా తీసుకుంటారు. కాని రెండు తీగలు కలిస్తే తీగ ఎర్రగా కాలుతుంది. పక్కన ఉన్న పరుపు అంటుకుంటుంది.

గోడ విప్పి ఉన్నప్పుడే తీగలు మార్పించండి. మళ్ళీ గోడ మూస్తే తీగలు కనపడవు. తీగ చివర పచ్చగా చిలుము పట్టి ఉంటే ఆ తీగ మార్చాలి. తగరం పూసిన రాగి తీగ ఉప్పు గాలికి ఎక్కువ రోజులు నిలుస్తుంది. బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు పదే పదే పోతుంటే దాని చోట లావు తీగ చుట్టకూడదు. ఫ్యూజు పోయిందంటే ఎక్కడో తప్పు ఉందని అది మనకు చెబుతోంది. చెప్పే నోటిని మూయకూడదు.

పైకి పోయే గాలి, కిందికి దిగే గాలి

బ్యాటరీ చార్జి అవుతున్నప్పుడు ఒక గాలి వస్తుంది. పేరు హైడ్రోజన్. అది తేలిక. పైకి పోతుంది. నిప్పు తగిలితే పేలుతుంది. అందుకని బ్యాటరీ పెట్టె పై వైపు గాలి దారి ఉండాలి.

వంట గ్యాసు దీనికి ఎదురు. అది గాలికంటే బరువు. కిందికి దిగుతుంది. ఇంట్లో అయితే గుమ్మం కింది నుండి కొంత బయటికి పోతుంది. బోటులో పోయే దారి లేదు. బోటు గిన్నె లాంటిది. గ్యాసు అడుగుకు దిగి నీళ్ళలా నిలుస్తుంది. ఇంజను మొదలుపెట్టినప్పుడు ఒక్క రవ్వ చాలు.

అందుకని సిలిండరును గదిలో పెట్టకూడదు. పైన, గాలి ఆడే చోట నిలబెట్టి కట్టాలి. రబ్బరు గొట్టం మీద అచ్చు వేసిన తేదీ చదవండి. గడువు దాటితే మార్చండి.

2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపల రేవులో పెద్ద మంటలు లేచాయి. ఒక బోటు నుండి ఇంకొక బోటుకు నిప్పు పాకింది. పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి. బోట్లలో ఉన్న డీజిలు, గ్యాసు సిలిండర్లు మంటను ఇంకా పెంచాయి. ఒక్క రాత్రిలో ఎన్నో కుటుంబాల బతుకుతెరువు బూడిద అయింది. ఆ రాత్రిని మన తీరం మరచిపోకూడదు.

గదిలో మంటలు ఆర్పే పొడి సిలిండరు ఒకటి ఉండాలి. దాన్ని తలుపు దగ్గరే తగిలించాలి. పొయ్యి వెనక పెడితే మంట దాటి వెళ్ళి తీసుకోలేం. దాని మీద చిన్న ముల్లు ఉంటుంది. ముల్లు పచ్చ గీతలో ఉంటే మంచిది. ఎర్ర గీతలో ఉంటే మళ్ళీ నింపించాలి. లైఫ్ జాకెట్లు కూడా చేతికి అందే కొక్కేనికి ఉండాలి. వాటిని పరుపు కింద పెట్టి మేకు కొట్టకూడదు.

చివరి 16 రోజులు: రంగు, పరుపులు

ఇప్పుడు రంగు వేయవచ్చు. లేత రంగు వేయండి. చీకట్లో వెలుతురు పెరుగుతుంది. నీరు కారితే మరక వెంటనే కనపడుతుంది. రంగు వేసేటప్పుడు తలుపులు తీసి ఉంచాలి. బీడీ, అగ్గిపుల్ల దగ్గరకు రానీయవద్దు. వాసన పూర్తిగా పోయేదాకా గదిలో ఎవరూ పడుకోకూడదు.

పరుపులు కుట్టడం మన చేతిలో పని. కుట్టు మిషను ఉన్న అక్క ఒకరుంటే చాలు. పాత ఫోము ఉప్పు నీరు తాగి ఉంటే పారేయాలి. కొత్త ఫోముకు పై వైపు, పక్కల రెక్సిన్ వేయండి. అడుగున మాత్రం గట్టి నూలు గుడ్డ వేయండి. అడుగున కూడా రెక్సిన్ వేస్తే లోపలి చెమ్మ బయటికి పోలేదు. ఒక పక్క జిప్పు పెడితే తొడుగు తీసి ఉతకవచ్చు.

ఇంకొక మాట. ఫోము అంటుకుంటే వచ్చే పొగ విషం. పొయ్యికి, తీగలకు దూరంగా ఉంచాలి.

రెక్సిన్ ఎంత కొనాలి?

రెండు పరుపులు కుట్టాలి అనుకుందాం. ఒక్కొక్కటి పొడవు 72 అంగుళాలు, వెడల్పు 24 అంగుళాలు, మందం 4 అంగుళాలు. కుట్టుకు అన్ని వైపులా ఒక్కొక్క అంగుళం వదలాలి.

పై ముక్క: పొడవు 74, వెడల్పు 26 అంగుళాలు.
పక్క పట్టీ వెడల్పు: 4 + 2 = 6 అంగుళాలు.
ఒక పరుపు చుట్టుకొలత: 72 + 24 + 72 + 24 = 192 అంగుళాలు.

రెక్సిన్ పన్నా 54 అంగుళాలు ఉందనుకుందాం. రెండు పై ముక్కలను పక్కపక్కన పెట్టండి. 26 + 26 = 52. పన్నాలో సరిపోయాయి! అంటే 74 అంగుళాల పొడవులోనే రెండు పై ముక్కలూ వస్తాయి.

పక్క పట్టీలకు ఇంకో 46 అంగుళాల పొడవు తీసుకోండి. 54 అంగుళాల పన్నాలో 6 అంగుళాల పట్టీలు 9 వస్తాయి. 9 × 46 = 414 అంగుళాలు. రెండు పరుపుల చుట్టూ కావలసింది 384 అంగుళాలు. మిగిలింది అతుకులకు పోతుంది.

మొత్తం పొడవు: 74 + 46 = 120 అంగుళాలు. అంటే మూడు మీటర్లకు కాస్త ఎక్కువ. మూడుంపావు మీటర్లు కొంటే చాలు.

కొలత వేయకుండా వెళితే ఏమవుతుంది? ఒక ముక్క తరువాత ఒకటి కోస్తే 74 + 74 + 46 = 194 అంగుళాలు. సుమారు 5 మీటర్లు. మీటరు 300 రూపాయలు అనుకుందాం. ధర ఊరిని బట్టి మారుతుంది. ఇది లెక్క కోసం మాత్రమే.

5 మీటర్లకు: 1500 రూపాయలు
మూడుంపావు మీటర్లకు: 975 రూపాయలు
మిగిలేది: 525 రూపాయలు

కాగితం మీద నాలుగు గీతలు గీసినందుకు 525 రూపాయలు మిగిలాయి.

డబ్బు చాలకపోతే?

అన్నీ ఒకే ఏడు చేయలేకపోవచ్చు. అప్పు మీద అప్పు చేయనక్కరలేదు. అప్పుడు ఈ వరస పాటించండి.

1. నీరు కారే కన్నాలు మూయడం
2. చివికిన చెక్క తీయడం
3. తీగలు, ఫ్యూజు, మంటలు ఆర్పే సిలిండరు
4. గాలి దారి
5. పరుపులు
6. రంగు, సన్‌మైకా

మొదటి నాలుగూ ఈ ఏడు చేయండి. మిగిలినవి వచ్చే ఏడు చేసినా నష్టం లేదు. ఈ వరస తలకిందులు చేస్తే పెట్టిన డబ్బు నీళ్ళపాలు.

కొన్న ప్రతి వస్తువుకూ బిల్లు అడగండి. బిల్లులో నాలుగు చూడండి. తేదీ ఉందా? వస్తువు పేరు సరిగా రాశారా? ఎంత కొన్నాం? ధర ఎంత? "ప్లైవుడ్" అని ఊరికే రాస్తే ఒప్పుకోవద్దు. "మెరైన్ ప్లైవుడ్, ఐ.ఎస్. 710" అని రాయమనండి. ఇంటికి వచ్చి ఒక నోటు పుస్తకంలో ఎక్కించండి. గదిలో నీరు ఏయే చోట్ల కారిందో అదే పుస్తకంలో బొమ్మ గీసి పెట్టండి. వచ్చే ఏప్రిల్‌లో ఆ చోట్లే ముందు చూడాలి.

జూన్ 14 దాటాక గంగమ్మకు దణ్ణం పెట్టి బోట్లు కదులుతాయి. ఆ రాత్రి గదిలో పడుకునే మనిషి పొడి పరుపు మీద, మంచి గాలిలో నిద్రపోవాలి. సరంగు కళ్ళు తేటగా ఉండాలి. బోటు తిరిగి రావడం సముద్రం చేతిలో ఉందంటారు. కొంత మన చేతిలో కూడా ఉంది.

మాట్లాడుకోండి

1. బోటుకు ఖర్చు పెట్టే ముందు మీ ఇంట్లో ఎవరెవరు కూర్చుని మాట్లాడుకుంటారు?
2. మీ ఊరి బోట్లలో గ్యాసు సిలిండరు ఎక్కడ పెడుతున్నారు? ఎందుకు మార్చాలో ఎలా చెబుతారు?
3. మీ సొంత ఇంటి గోడకు చెమ్మ ఎక్కడినుంచి వస్తోంది? ఈ పాఠంలోని ఏ పద్ధతితో వెతకవచ్చు?

లెక్క చేయండి

1. ఒక ప్లైవుడ్ పలక పొడవు 8 అడుగులు, వెడల్పు 4 అడుగులు. గదిలో రెండు గోడలు ఉన్నాయి. ఒక్కొక్క గోడ పొడవు 6 అడుగులు, ఎత్తు 4 అడుగులు. అతుకు లేకుండా ఎన్ని పలకలు కావాలి? మిగిలే ముక్కల కొలత ఎంత?
2. ఈ రోజు మే 10. వేట మొదలు కావడానికి ఇంకా ఎన్ని రోజులు ఉన్నాయి?

కొత్త మాటలు – చదివి, రాయండి

మెరైన్ ప్లైవుడ్: నీటికి తట్టుకునే పొరల చెక్క
చివుకు: తడికి చెక్క మెత్తబడి పాడవడం
ఫ్యూజు: కరెంటు ఎక్కువైతే తాను కరిగి ఆపే తీగ
పన్నా: గుడ్డ వెడల్పు
చుట్టుకొలత: చుట్టూ కొలిస్తే వచ్చే పొడవు